రికార్డు సంఖ్యే చిరునామా

కోనసీమలో కొబ్బరితోట వేసే రైతు మొక్కకూ మొక్కకూ నడుమ సమానమైన ఎడము ఉంచుతాడు. ఆ ఎడము 8 మీటర్లు అయినట్లయితే, ఒక వరుసలోని 25వ చెట్టు మొదటి చెట్టుకు ఎంత దూరాన ఉన్నదో తెలుసుకొనడానికి తోటలోకి వెళ్ళి చెట్లను లెక్కపెట్టనక్కరలేదు. మొదటి చెట్టుకూ 25వ చెట్టుకూ మధ్య 24 ఎడములు ఉంటాయి. కనుక దూరము 24 × 8 = 192 మీటర్లు. ఇంటి అరుగుమీద కూర్చుండి కూడ ఈ మాట చెప్పవచ్చు. బాట పక్కన తమంతట తాము మొలచిన తుమ్మచెట్ల విషయంలో ఇది సాధ్యం కాదు. అక్కడ 25వ చెట్టును చేరవలెనంటే మొదటి చెట్టునుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కించుకుంటూ నడవవలసిందే.

కంప్యూటరులో భద్రపరచిన సమాచారానికి కూడ ఈ భేదమే వర్తిస్తుంది. వేలాది విద్యార్థుల వివరాలు ఒక ఫైలులో ఉన్నప్పుడు, అందులో 725వ విద్యార్థి వివరాన్ని మొదటినుంచి చదువుకుంటూ పోకుండా ఒక్కసారిగా చేరుకొనవచ్చునా అన్నది ప్రశ్న. రికార్డులన్నీ సమానమైన పొడవు గలవైతే చేరుకొనవచ్చు. అందుకు కావలసినది ఒక తీసివేత, ఒక గుణకారము మాత్రమే. అయితే ఈ సౌకర్యం ఊరక లభించదు. సమానత్వాన్ని ఎక్కడ ఏమరినా ఒక విద్యార్థి మార్కులు మరొక విద్యార్థి ఖాతాలో పడే ప్రమాదం ఉన్నది.

ఫైలులో నిజంగా ఉన్నదేమిటి?

కంప్యూటరు సమాచారాన్ని బైట్ల రూపంలో దాచుకుంటుంది. ఒక్కొక్క బైటులో 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య ఉంటుంది. ఇతర పట్టికలతో లంకెలు ఏమీ లేకుండా, ఒకే పట్టికను వరుసగా రాసి ఉంచిన ఫైలును సాదా ఫైలు అంటారు. పట్టికలోని ఒక్కొక్క వరుస ఒక రికార్డు. రికార్డులోని పేరు, మార్కులు మొదలైనవి అందులోని గడులు.

1970వ దశాబ్ది తొలి సంవత్సరాలలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ సి భాషను రూపొందించాడు. యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థతోపాటు అది పెరిగింది. యూనిక్స్ దృష్టిలో ఫైలు అంటే బైట్ల వరుస తప్ప మరేమీ కాదు. అందులో రికార్డులూ లేవు, గడులూ లేవు. సి భాష కూడ ఈ దృష్టినే స్వీకరించింది. ఫోర్‌ట్రాన్ 77 భాషలో “ఇన్నవ రికార్డును చదువుము” అని నేరుగా ఆజ్ఞ ఇవ్వవచ్చు. సి భాషలో అటువంటి ఆజ్ఞ లేదు. “ఆరంభంనుంచి ఇన్ని బైట్ల దూరాన ఉన్న చోటికి పొమ్ము” అని మాత్రమే చెప్పవచ్చు. కనుక రికార్డు సంఖ్యను బైట్ల దూరంగా మార్చే బాధ్యత ప్రోగ్రాము రాసేవానిదే.

లెక్క

ఒక ఉన్నత పాఠశాలలో 1,200 మంది విద్యార్థులు ఉన్నారనుకొన్నట్లయితే, ఒక్కొక్కరి రికార్డును ఈ విధంగా ఏర్పరచవచ్చు. ప్రవేశ సంఖ్యకు 4 బైట్లు, పేరుకు 48 బైట్లు, 6 పాఠ్యవిషయాల మార్కులకు ఒక్కొక్కదానికి 2 చొప్పున 12 బైట్లు. మొత్తం 64 బైట్లు.

మొదటి రికార్డుకు ముందు ఏమీ లేదు గనుక దాని దూరము 0. రెండవదానికి ముందు ఒక రికార్డు ఉన్నది గనుక దాని దూరము 64. మూడవదానిది 128. దీనినిబట్టి నియమం ఇలా ఏర్పడుతుంది.

దూరము = (రికార్డు సంఖ్య − 1) × రికార్డు పొడవు

725వ రికార్డు దూరము 724 × 64 = 46,336 బైట్లు. కొబ్బరిచెట్ల లెక్కలో 25 బదులు 24 తో గుణించిన కారణమే ఇక్కడ కూడ ఒకటి తీసివేయడానికి కారణం. ఇదే నియమాన్ని తిరగవేసినట్లయితే రికార్డుల సంఖ్య కూడ తెలుస్తుంది. ఫైలు మొత్తం పొడవు 76,800 బైట్లు అయితే, దానిని 64 తో భాగించగా 1,200 వస్తుంది. శేషం ఏమైనా మిగిలినదంటే ఫైలు ఎక్కడో చెడినదని గ్రహించవలెను. చవకైన ఈ పరీక్షను ప్రతి ప్రోగ్రామూ పని ప్రారంభించే ముందు చేయడం మంచిది.

ఈ లెక్కవల్ల కలిగే లాభం ఎంత? మొదటినుంచి చదివే పద్ధతిలో ఒక రికార్డును చేరడానికి సగటున 600 రికార్డులు దాటవలసి వస్తుంది. రికార్డులు లక్ష అయితే 50,000 దాటవలెను. లెక్కకట్టి చేరే పద్ధతిలో రికార్డులు ఎన్ని ఉన్నా శ్రమ ఒక్కటే.

అయితే లెక్క ఉన్నంతమాత్రాన చాలదు. కోరిన చోటికి దూకగల యంత్రం కూడ ఉండవలెను. అయస్కాంతపు టేపుమీద నడుమనున్న సమాచారం కావలెనంటే అంతవరకు టేపును చుట్టవలసిందే. 1956లో ఐబీఎం సంస్థ ప్రకటించిన రామాక్ 305 యంత్రం ఈ పరిస్థితిని మార్చింది. అందులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళెములు ఉండేవి. వాటిలో 50 లక్షల అక్షరాలు పట్టేవి. వాటిలో ఏ చోటినైనా చేరడానికి సగటున 0.6 సెకను పట్టేది. కోరిన చోటికి నేరుగా పోగల ఆ శక్తినే పై సూత్రం వినియోగించుకుంటున్నది.

సి భాషలో నాలుగు మెట్లు

ఒక రికార్డును మార్చి రాయడానికి సి భాషలో నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు ఎఫ్‌ఓపెన్ అనే ప్రమేయంతో ఫైలును తెరవడం. ఏ పద్ధతిలో తెరవవలెనో రెండు మూడు అక్షరాలలో చెప్పవలసి ఉంటుంది. ఉన్న ఫైలును చదవడానికీ, మార్చడానికీ “ఆర్, ప్లస్, బి” అన్న గుర్తులు ఇవ్వవలెను. పొరపాటున “డబ్ల్యు” అని ఇచ్చినట్లయితే, తెరిచిన క్షణంలోనే పాత ఫైలంతా తుడిచిపెట్టుకొని పోతుంది.

రెండవ మెట్టు ఎఫ్‌సీక్. ఫైలులో “ఇప్పుడు ఉన్న చోటు” ఏదో తెలిపే స్థానసూచిక ఒకటి ఉంటుంది. చదివినా, రాసినా ఆ చోటునుంచే జరుగుతుంది. ఎఫ్‌సీక్ ఆ సూచికను కోరిన దూరానికి జరుపుతుంది. దూరాన్ని ఫైలు ఆరంభంనుంచి గాని, ఇప్పుడున్న చోటినుంచి గాని, ఫైలు చివరనుంచి గాని కొలవవచ్చు. రికార్డు సంఖ్యతో పని చేసేటప్పుడు ఆరంభంనుంచి కొలవడమే తగినది.

మూడవ మెట్టు ఎఫ్‌రీడ్. ఇది సూచిక ఉన్న చోటినుంచి 64 బైట్లను స్మృతిలోకి తెచ్చుకుంటుంది. నాలుగవ మెట్టు ఎఫ్‌రైట్. ఇది మార్చిన 64 బైట్లను తిరిగి ఫైలులో ఉంచుతుంది.

మూడవ, నాలుగవ మెట్ల నడుమ విద్యార్థులు తరచు మరచే విషయం ఒకటి ఉన్నది. 725వ రికార్డును చదివిన తరువాత సూచిక అక్కడనే నిలిచి ఉండదు. 64 బైట్లు ముందుకు జరిగి 726వ రికార్డు ఆరంభంలో నిలుస్తుంది. ఆ స్థితిలో రాసినట్లయితే 725వ విద్యార్థి వివరాలు 726వ విద్యార్థి వివరాలను చెరిపివేస్తాయి. కనుక రాయబోయే ముందు ఎఫ్‌సీక్‌ను మరల పిలిచి వెనుకకు రావలెను. చదవడంనుంచి రాయడానికి మారేటప్పుడు నడుమ ఇటువంటి స్థాననిర్ణయం జరగవలెనని సి భాష ప్రమాణం కూడ విధిస్తున్నది.

గట్టు ఎక్కడ తెగుతుంది?

ఈ పద్ధతిలో ప్రోగ్రాము తప్పినా యంత్రం ఆక్షేపించదు. ఫైలు బైట్ల వరుస మాత్రమే గనుక, తప్పు చోట రాసినా అది రాతే. అందుచేత ప్రమాదాలు ఎక్కడెక్కడ పొంచి ఉంటాయో ముందుగా తెలిసి ఉండవలెను.

మొదటిది హద్దులు. ఎవరైనా రికార్డు సంఖ్యగా 0 ఇచ్చినట్లయితే దూరము −64 అవుతుంది. ఎఫ్‌సీక్ ఆ పని చేయలేక విఫలమైనట్లు తెలుపుతుంది. ప్రోగ్రాము ఆ జవాబును గమనించకపోతే సూచిక పాత చోటనే ఉండిపోతుంది, రాత అక్కడ పడుతుంది. 1,200 రికార్డులున్న ఫైలులో 5,000వ రికార్డుకు పొమ్మంటే మాత్రం ఎఫ్‌సీక్ సాధారణంగా అభ్యంతరం చెప్పదు. అక్కడ రాసినట్లయితే ఫైలు పొడవు పెరిగి, నడుమ ఎవరికీ చెందని ఖాళీ ఏర్పడుతుంది. కనుక ఇచ్చిన సంఖ్య 1 కి తక్కువ కాకుండా, మొత్తం రికార్డులకు మించకుండా ఉన్నదా అని ప్రోగ్రామే పరీక్షించవలెను.

రెండవది ఫైలును తెరిచే పద్ధతి. విండోస్‌లో “బి” అన్న గుర్తు లేకుండా తెరిచిన ఫైలు పాఠ్యరూపంలో ఉన్నదని భావించబడుతుంది. పాఠ్యంలో పంక్తి ముగింపును 10 అన్న బైటు సూచిస్తుంది. రాసేటప్పుడు ఆ 10 కి ముందు 13 అన్న బైటు అదనంగా చేరుతుంది. ఒక విద్యార్థికి గణితంలో 10 మార్కులు వచ్చినట్లయితే ఆ 10 ని కూడ పంక్తి ముగింపుగానే భావించడం వల్ల, రికార్డు 65 బైట్లు అవుతుంది. ఆ తరువాతి విద్యార్థులందరి రికార్డులూ ఒక బైటు పక్కకు జరుగుతాయి. 26 అన్న బైటు కూడ ఇటువంటిదే. ఆ పద్ధతిలో చదివేటప్పుడు అది ఫైలు ముగింపుగా గ్రహించబడుతుంది. ఎవరికో 26 మార్కులు వచ్చినందుకు వారి వెనుక ఉన్నవారందరూ ఫైలులో లేనట్లే కనిపిస్తారు. యూనిక్స్ వంటి వ్యవస్థలలో ఈ చిక్కు లేదు గాని, “బి” రాయడం ఎక్కడైనా క్షేమం.

మూడవది కనిపించని ఖాళీలు. గడుల పొడవులను కూడి రికార్డు పొడవు ఇంత అని నిర్ణయించుకొనడం సరికాదు. ఒక బైటు గల గడి తరువాత 4 బైట్ల పూర్ణాంకం వచ్చినట్లయితే కూడిక 5. కాని అధిక భాగం యంత్రాలలో ఆ స్ట్రక్చరు 8 బైట్లు ఆక్రమిస్తుంది. పూర్ణాంకం 4 చేత భాగింపబడే చోట ఉంటే యంత్రానికి అందుకొనడం సులువు గనుక కంపైలరు నడుమ 3 బైట్ల ఖాళీ వదులుతుంది. అందుచేత పొడవును సైజ్‌ఆఫ్ అనే ప్రక్రియనే అడిగి తెలుసుకొనవలెను. ఒక యంత్రంలో రాసిన ఫైలును మరొక యంత్రంలో చదవవలసి ఉంటే, స్ట్రక్చరును ఉన్నదున్నట్లు రాయక ప్రతి గడికి చోటు తామే నిర్ణయించడం ఉత్తమం.

నాలుగవది బైట్ల క్రమం. 300 అన్న సంఖ్యను రెండు బైట్లలో రాసినప్పుడు ఒక బైటు 1, మరొకటి 44 అవుతాయి, ఎందుచేతనంటే 1 × 256 + 44 = 300. కొన్ని యంత్రాలు 1 ని ముందు ఉంచుతాయి, కొన్ని 44 ను ముందు ఉంచుతాయి. ఒక విధంగా రాసినదానిని మరొక విధంగా చదివితే 44 × 256 + 1 = 11,265 అవుతుంది.

ఐదవది దూరపు పరిమితి. ఎఫ్‌సీక్ దూరాన్ని “లాంగ్” అనే రకపు సంఖ్యగా తీసుకుంటుంది. విండోస్‌లో ఆ రకం 2,147,483,647 ను మించదు. 64 బైట్ల రికార్డులైతే సుమారు 3 కోట్ల 35 లక్షల వరకే చేరగలము. పాఠశాలకు ఇది అడ్డు కాదు. కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలు రెండింటి జనసంఖ్యా 2011 జనాభా లెక్కల నాటికే ఈ హద్దును దాటింది. అంతటి పట్టికలకు 64 బిట్ల దూరాన్ని స్వీకరించే ప్రమేయాలు వేరుగా ఉన్నాయి. గుణకారాన్ని కూడ అంతటి సంఖ్యలలోనే చేయవలెను.

తెలుగు పేర్ల చిక్కు

పేరుకు 48 బైట్లు కేటాయించడం చాలునా? ఇంగ్లీషు లిపిలో అక్షరానికి ఒక బైటు చాలు. వెంకటసుబ్బలక్ష్మి అన్న పేరు ఆ లిపిలో 19 బైట్లు. నేడు వ్యాప్తిలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు ఒక్కొక్కదానికి 3 బైట్లు కావలెను. ఆ పేరులో అటువంటి గుర్తులు 17 ఉన్నాయి. కనుక 51 బైట్లు కావలసి వస్తుంది.

సి భాషలో పేరు చివర ముగింపు గుర్తుగా ఒక 0 ఉండవలెను. 48 లో ఒకటి పోగా 47 మిగులుతాయి. 15 గుర్తులకు 45 బైట్లు సరిపోతాయి. 16వ గుర్తు అయిన “మ” లో రెండు బైట్లు మాత్రమే పట్టి మూడవది తెగిపోతుంది. తెగిన ఆ భాగం ఏ అక్షరమూ కాదు. తెరమీద అక్కడ ప్రశ్నార్థకమో, ఖాళీ పెట్టెయో కనిపిస్తుంది. పొడవును పరీక్షించకుండా పేరును గడిలోకి ఎక్కించినట్లయితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. మిగిలిన బైట్లు పక్కనున్న మార్కుల గడిలోకి పొరలిపోతాయి. కనుక తెలుగు పేర్లకు గడిని ఉదారంగా ఇవ్వవలెను, పట్టనప్పుడు అక్షరం ముగిసిన చోటనే ఆపవలెను.

తొలగించడం ఎట్లా?

ఒక విద్యార్థి బడి మానివేసినప్పుడు అతని రికార్డును తీసివేసి వెనుకవాటిని ముందుకు జరిపినట్లయితే, తరువాతి రికార్డుల సంఖ్యలన్నీ మారిపోతాయి. దీనికి డీబేస్ అనే ప్రసిద్ధమైన వ్యవస్థ చూపిన పరిష్కారం గమనింపదగినది. 1984లో వచ్చిన డీబేస్ 3 ఫైలులో ప్రతి రికార్డుకు మొదటి బైటు ఒక గుర్తు. అక్కడ ఖాళీ అక్షరం ఉంటే రికార్డు చెల్లుతుంది, నక్షత్రం గుర్తు ఉంటే తొలగించబడినదని అర్థం. రికార్డు తన చోటనే ఉంటుంది, కావలెనంటే దానిని పునరుద్ధరించవచ్చు. గుర్తు పెట్టిన రికార్డులను నిజంగా తీసివేసి ఫైలును కుదించడానికి ప్యాక్ అనే ఆజ్ఞ వేరుగా ఉన్నది.

ఆ ఫైలు ఆరంభంలో ఒక పీఠిక కూడ ఉంటుంది. రికార్డులు ఎన్ని, పీఠిక పొడవు ఎంత, రికార్డు పొడవు ఎంత అన్నవి అందులో నిర్ణీతమైన చోట్లలో రాసి ఉంటాయి. అప్పుడు సూత్రంలో పీఠిక పొడవును కూడ కలుపుకొనవలెను. పీఠిక 193 బైట్లు, రికార్డు 65 బైట్లు అయితే 725వ రికార్డు 193 + 724 × 65 = 47,253 బైట్ల దూరాన ఉంటుంది.

పొడవులు సమానం కానప్పుడు

కొన్ని వివరాలు స్వభావంచేతనే అసమానంగా ఉంటాయి. ఒక గ్రామపు సరిహద్దును గీయడానికి 20 బిందువులు చాలవచ్చు, వాగు పక్కనున్న మరొక గ్రామానికి 2,000 కావలసి రావచ్చు. పటాలను భద్రపరచడానికి విస్తారంగా వాడుకలో ఉన్న షేప్‌ఫైలు పద్ధతి దీనికి ఒక ఉపాయం చూపింది. సరిహద్దులను వాటి వాటి పొడవులతోనే ఒక ఫైలులో ఉంచి, అవి ఎక్కడెక్కడ ఉన్నవో తెలిపే సూచిని మరొక ఫైలులో ఉంచుతారు. సూచికి 100 బైట్ల పీఠిక, ఆపైన ఒక్కొక్క గ్రామానికి సరిగా 8 బైట్లు. 725వ గ్రామానికి సంబంధించిన సూచి 100 + 724 × 8 = 5,892 బైట్ల దూరాన దొరుకుతుంది. సరిహద్దు ఎక్కడ మొదలై ఎంత పొడవున్నదో ఆ 8 బైట్లు చెబుతాయి. తుమ్మచెట్లను కదిలించకుండా, వాటి చోట్లను సమానమైన గడుల పుస్తకంలో రాసుకున్నట్లన్నమాట.

గ్రామాల పేర్లు, జనసంఖ్య వంటి వివరాలు మూడవ ఫైలులో డీబేస్ రూపంలో ఉంటాయి. సరిహద్దులకూ ఈ వివరాలకూ ఉన్న బంధం వరుస సంఖ్య ఒక్కటే. ఎవరైనా వివరాల ఫైలును మాత్రమే తెరిచి ఒక వరుసను తీసివేసినా, అకారాదిగా అమర్చినా, పటంలో ఒక గ్రామానికి మరొక గ్రామపు జనసంఖ్య వచ్చి చేరుతుంది. పటం మాత్రం చూడడానికి చక్కగానే ఉంటుంది.

చోటు వేరు, గుర్తింపు వేరు

దీనినుంచి ఒక ముఖ్య సూత్రం తేలుతున్నది. రికార్డు సంఖ్య చోటును తెలుపుతుందే గాని మనిషిని తెలుపదు. అద్దె ఇంటి నెంబరు అద్దెకున్నవాని పేరు కాదు గదా. అందుచేతనే పాఠశాల రికార్డులో ప్రవేశ సంఖ్యకు 4 బైట్లు ప్రత్యేకంగా కేటాయించవలసి వచ్చింది. 725వ రికార్డును చదివిన తరువాత అందులోని ప్రవేశ సంఖ్య తాము వెదుకుతున్నదేనా అని సరిచూసుకొని, ఆ తరువాతనే మార్కులు మార్చవలెను. ఒక్క పోలిక చేసే శ్రమతో ఒక విద్యార్థి ఉత్తీర్ణత నిలుస్తుంది.

ఈ పద్ధతి పాతబడినదని తలచనక్కరలేదు. నేడు చేతిఫోనులలో విరివిగా పని చేస్తున్న ఎస్‌క్యూలైట్ అనే దత్తాంశ వ్యవస్థ సి భాషలోనే రాయబడింది. దాని ఫైలు సమానమైన పుటలుగా విభజింపబడి ఉంటుంది. 2016 నుంచి పుట పొడవు మామూలుగా 4,096 బైట్లు. పుటల సంఖ్య 1 నుంచి మొదలవుతుంది. కోరిన పుట దూరాన్ని అది పుట సంఖ్యలో ఒకటి తగ్గించి, పుట పొడవుతో గుణించి కనుగొంటుంది.

తరగతిలో దీనిని కంటికి చూపడం కష్టం కాదు. పదిమంది విద్యార్థుల రికార్డులను 64 బైట్ల చొప్పున రాసి, ఫైలు పొడవు 640 అయినదో లేదో చూడమనవలెను. 7వ రికార్డును 384వ దూరంనుంచి చదివించి, ఒక మార్కు మార్పించి, తిరిగి రాయించవలెను. ఆ తరువాత 6వ, 8వ రికార్డులను కూడ చదివించవలెను. ఆ రెండూ చెక్కుచెదరకుండా ఉన్నట్లయితేనే పని సరిగా జరిగినట్లు.